స్టాఫర్డ్‌షైర్‌లో చైనా ఇల్లు

ఇంటికి పైకి వంగిన చూరు. పక్కన నాలుగు గీతల దడి. దడి వెనక ఒక చెట్టు; దానికి ఆకులు లేవు, కుంచె కొసతో అద్దిన చుక్కలున్నాయి. కింద నేల అనుకోవడానికి రెండు అలల గీతలు. అంచు చుట్టూ చిన్నచిన్న గళ్లు. అంతా నీలమే. పిడి లేని ఆ టీ గిన్నె అరచేతిలో ఇమిడిపోతుంది. దాని మీద ఈ ఇల్లు గీసిన మనిషి చైనా చూడలేదు. చైనా వెళ్లొచ్చినవాళ్లను చూసి ఉండటం కూడా అనుమానమే.

1775 తర్వాత దాదాపు నలభై ఏళ్లపాటు ఇంగ్లండు మధ్యభాగంలోని స్టాఫర్డ్‌షైర్‌లో, ఇప్పుడు స్టోక్-ఆన్-ట్రెంట్ అని ఒకే నగరంగా పిలుస్తున్న కుమ్మరి ఊళ్లలో, ఇలాంటి గిన్నెలూ సాసర్లూ జగ్గులూ గంపలకొద్దీ తయారయ్యాయి. లీడ్స్‌లో, లివర్‌పూల్‌లో కూడా చేశారు. ఇది పింగాణీ కాదు, గాజుపూత పూసిన మట్టిపాత్ర. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలున్న వేళ్ల నీడ కనబడదు. అయినా చేసినవాడూ అమ్మినవాడూ కొన్నవాడూ దీన్ని చైనా సరుకుకు చుట్టంగానే చూశారు. తవ్వకాలు చేసే పురావస్తు శాస్త్రవేత్తలు ఈ బొమ్మకు 'చైనీస్ హౌస్' అని పేరు పెట్టుకున్నారు.

నాకు ఈ గిన్నె మీద పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. నీలం తెలుపు ఇంగ్లీషు పళ్లెం అనగానే లోకానికి గుర్తొచ్చేది విల్లో ప్యాటర్న్. వంతెన మీద ముగ్గురు మనుషులు, ఆకాశంలో రెండు పక్షులు, నీటి మీదికి ఒంగిన విల్లో చెట్టు. అది అచ్చు వేసిన బొమ్మ. నేను చెబుతున్నది చేత్తో గీసింది. రెండూ చైనాకు నకళ్లే, రెండూ అదే మట్టి మీద అదే రంగుతో చేసినవే. కానీ అచ్చుబొమ్మను చూస్తే నాకు అనుమానం పుడుతుంది, చేతిబొమ్మను చూస్తే ముచ్చటేస్తుంది. ఎందుకో నాకు నేను చెప్పుకునే ప్రయత్నం ఇది. టీ దగ్గర మొదలుపెట్టాలి.

టీ ఆకు తేలిక, వానకీ ఉప్పునీటికీ పాడయ్యే సరుకు. ఓడ నిలకడగా సాగాలంటే అడుగున బరువు కావాలి. ఆ బరువు తడిస్తే చెడిపోనిదై ఉండాలి, టీకి వాసన అంటించనిదై ఉండాలి. చైనాలో టీ ఎక్కించే కాంటన్ రేవులో ఈ లక్షణాలన్నీ ఉన్న సరుకు ఒకటి సిద్ధంగా ఉంది: పింగాణీ. అలా ఓడ అడుగున పళ్లేల పెట్టెలు, వాటి మీద టీ పెట్టెలు ఎక్కాయి. 1752లో దక్షిణ చైనా సముద్రంలో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ సరుకును 1985లో పైకి తీసినప్పుడు లక్షకు పైగా పింగాణీ వస్తువులు బయటపడ్డాయి. రెండు వందల ఏళ్లకు పైగా ఉప్పునీళ్లలో ఉండి, చాలావరకు కడిగి వాడుకునేలా ఉన్నాయి. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటిని వేలం వేశారు. ఒక్క ఓడ సంగతి ఇది. ఇలాంటి ఓడలు ఏటేటా వచ్చేవి.

ఇంగ్లండులో టీ మొదట పెద్దలది. 1784లో ప్రభుత్వం టీ మీద పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి దించింది. అప్పటిదాకా దొంగ రవాణా టీ తాగుతున్న జనం ఇక దొరల్లా తాగొచ్చు. టీ వంటింటికి వచ్చేసరికి గిన్నె కూడా కావాలి కదా. టీ తాగే గిన్నె ఎలా ఉండాలో అప్పటికే అందరి కళ్లలో స్థిరపడిపోయింది: తెల్లగా, నీలం బొమ్మతో, చైనాది లాగా. అసలుది కొనే తాహతు లేనివాళ్లకు 'లాగా' ఉన్నది కావాలి. ఇందులో సిగ్గుపడేదేమీ నాకు కనబడదు.

ఇంతకీ ఆ అసలు ఏది? ఇక్కడ కాస్త నిలబడాలి, కథ తమాషాగా ఉంటుంది.

తొమ్మిదో శతాబ్దంలో బస్రా కుమ్మరులు చైనా నుంచి వచ్చే తెల్ల గిన్నెలు చూసి ముచ్చటపడ్డారు. వాళ్ల దగ్గర ఆ తెల్ల మట్టి లేదు. గాజుపూతలో తగరం కలిపి, పచ్చటి మట్టిని తెల్లటి పూత కింద దాచేశారు. ఆ తెలుపు మీద కోబాల్టు నీలంతో ఆకులూ రాతలూ వేశారు. దాదాపు అదే కాలంలో చైనాలోనూ నీలం బొమ్మ మొదలైంది. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర బయటపడ్డ తొమ్మిదో శతాబ్దపు ఓడలో వేల చైనా గిన్నెల మధ్య మూడంటే మూడు నీలం తెలుపు పళ్లేలు దొరికాయి. చైనాలో చేసినవే. వాటి మీది ఆకుల అల్లిక మాత్రం పశ్చిమాసియా వాళ్ల అభిరుచిది. కొనేవాడి కంటికి నచ్చేలా గీశారన్నమాట.

అసలైన చైనా నీలం అని లోకం చెప్పుకునేది పద్నాలుగో శతాబ్దంలో జింగ్‌దెజెన్ అనే ఊరి పనితనం. మంగోలు పాలకుల కాలంలో పారసీక ప్రాంతాల కోబాల్టు ఎడారులూ సముద్రాలూ దాటి ఆ ఊరికి చేరింది. పెద్దపెద్ద పళ్లేలు, నలుగురు కూర్చుని ఒకే పళ్లెంలో తినే ముస్లిం విందుల కొలతకు, అక్కడ తయారయ్యాయి. ఇస్తాంబుల్ తోప్‌కాపీ రాజభవనంలోనూ ఇరాన్ అర్దబిల్ దర్గాలోనూ పోగుపడ్డ నిధులు ఆ దారి ఎటు పోయిందో చెబుతాయి. బ్రిటిష్ మ్యూజియంలో 1351 నాటి రెండు పొడవాటి కూజాలున్నాయి. వాటి మెడల మీద తేదీ రాసి ఉంది, ఒక తావో గుడికి సమర్పించిన సంగతి రాసి ఉంది. పిడులు ఏనుగు తలలు. నీలం పరాయిది, కొనేవాడు పరాయివాడు, మట్టీ చేయీ చైనావి. స్టాఫర్డ్‌షైర్ గిన్నెను నకలని తీసిపారేసే ముందు, దాని అసలు కూడా ఇలా నాలుగు దేశాల పొత్తులో పుట్టిందని గుర్తుపెట్టుకోవడం మర్యాద.

జింగ్‌దెజెన్‌లో బొమ్మ ఎలా వేసేవారో మనకు బాగానే తెలుసు. ఫ్రెంచి జెసూట్ మతబోధకుడు దాంత్రకోల్ ఆ ఊళ్లో ఉండి 1712లోనూ 1722లోనూ పెద్ద ఉత్తరాలు రాశాడు. ఒక్క పాత్ర డెబ్భై మంది చేతులు మారుతుందన్నాడు. గీత గీసేవాడు గీతే గీస్తాడు, రంగు నింపేవాడు రంగే నింపుతాడు, పూలు వేసేవాడు పూలే వేస్తాడు, పక్షుల పని పక్షులవాడిది. అంచు వలయం తిప్పేవాడు వేరే. కొండను గీసినవాడికి ఆ కొండ మీద ఎవరు నిలబడబోతున్నారో తెలియదు. ఒక కవి హృదయంతో తన ఊరి ఏటి ఒడ్డును గీసుకున్న చిత్రకారుడు ఈ కథలో ఎక్కడా లేడు. యూరపు చూసి మైమరచిపోయిన ఆ నీలి కొండలూ మండపాలూ కూలికి, వరసలో కూర్చుని, అలవాటు మీద గీసినవే.

ఈ ఉత్తరాలు అచ్చయ్యాక యూరపు కుమ్మరులు వాటిని నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. అంతకు ముందే ఇంగ్లండు తన ప్రయత్నం తాను చేసింది. 1567లో ఆంట్‌వెర్ప్ నుంచి ఆండ్రీస్, జాన్సన్ అనే ఇద్దరు కుమ్మరులు నారిచ్‌కు వచ్చి, బస్రా నుంచి స్పెయిను, ఇటలీ మీదుగా నడిచొచ్చిన ఆ తగరపు పూత విద్యనే నాటారు. తర్వాత లండన్‌లో థేమ్స్ ఒడ్డున సదక్‌లో, లాంబెత్‌లో, ఆపైన బ్రిస్టల్‌లో, లివర్‌పూల్‌లో ఈ పాత్రలు చేశారు. డెల్ఫ్ట్‌వేర్ అన్నారు. చూపుకు బాగుండేవి కానీ అంచులు పెచ్చులూడేవి, మరిగే నీళ్లు పోస్తే బీటలిచ్చేవి. టీకి పనికిరాని టీ గిన్నె ఎన్నాళ్లు నిలుస్తుంది?

అసలు మలుపు ఒక చట్టంలో ఉంది. విలియం కుక్‌వర్తీ అనే ప్లిమత్ మందుల వ్యాపారి కార్న్‌వాల్ కొండల్లో పింగాణీకి కావలసిన తెల్లమట్టినీ రాయినీ కనిపెట్టాడు. 1768లో పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కు బ్రిస్టల్‌కు చెందిన రిచర్డ్ ఛాంపియన్ చేతికి వచ్చింది. గడువు పొడిగించమని ఆయన పార్లమెంటుకు వెళితే, జోసయా వెడ్జ్‌వుడ్ ముందుండి స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులందరి తరఫునా అడ్డుకున్నాడు. దేశంలోని మట్టి ఒక్కడి సొత్తెలా అవుతుందన్నది వాదన. 1775లో రాజీ కుదిరింది. వెలుతురు చొరబడే పింగాణీ ఛాంపియన్‌దే. వెలుతురు చొరబడని పాత్రలకు మాత్రం ఆ మట్టీ రాయీ ఎవరైనా వాడుకోవచ్చు. ఒక వస్తువులోంచి దీపం కనబడుతుందా లేదా అన్నదాని మీద గీత గీసిన చట్టం ఇంకోటి నాకు తెలియదు. ఆ ఏడాదే వెడ్జ్‌వుడ్, తోటి కుమ్మరి జాన్ టర్నర్‌తో కలిసి, మట్టి వెతుక్కుంటూ కార్న్‌వాల్ వెళ్లాడు. 1777 నాటికి ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పూర్తయింది. కార్న్‌వాల్ తెల్లమట్టి, డెవన్ బంకమట్టి, తూర్పు తీరాల చెకుముకిరాయి ఓడల్లో, పడవల్లో కుమ్మరి ఊళ్ల గుమ్మం దాకా వచ్చాయి.

అంతా కలిపి కాల్చినా ఒక చిక్కు మిగిలింది. గాజుపూతలో సీసం ఉంటుంది, సీసం పసుపుజీర తెస్తుంది. వెడ్జ్‌వుడ్‌కు అంతకుముందు పేరూ డబ్బూ తెచ్చిన మీగడరంగు పాత్రలకు, 1765 నుంచి రాణిగారి పేరుతో అమ్మిన క్వీన్స్ వేర్‌కు, ఆ పసుపే అందం. చైనా తెలుపు కావాలంటే మాత్రం అది దోషం. మందు సులువుగా దొరికింది. పూతలోనే చిటికెడు కోబాల్టు కలిపారు. తెల్ల పంచెకు నీలిమందు పెట్టినట్టే. పసుపు చచ్చి, కంటికి తెలుపు మరింత తెల్లబడింది. ఇప్పటికీ ఈ గిన్నెను బోర్లిస్తే అడుగు వలయం మూలల్లో పూత చిక్కగా నిలిచినచోట నీలిరంగు మడుగు కట్టి కనబడుతుంది. గుర్తు పట్టడానికి అదే ఆనవాలు. కుమ్మరులు దీన్ని 'చైనా గ్లేజ్' అన్నారు. వెడ్జ్‌వుడ్ 1779లో తన రకానికి 'పెర్ల్ వైట్' అని పేరు పెట్టాడు. ఆయనకు పెద్ద ఇష్టమేమీ లేదు. ఇది మార్పే కానీ మెరుగు కాదని తన భాగస్వామి బెంట్లీకి రాసుకున్నాడు. ఇంగ్లండు సొంతంగా సాధించిన మీగడరంగును పక్కనపెట్టి మళ్లీ చైనా వేషం కట్టమని బజారు అడుగుతోంది. ఆయన వ్యాపారి, కట్టాడు.

ఇక బొమ్మ. ఒకసారి కాల్చి, ఇంకా పూత పూయని పాత్రను అక్కడివాళ్లు బిస్కట్ అంటారు. అది దాహం వేసిన మట్టి. కుంచె తాకగానే తడి పీల్చేసుకుంటుంది. చెరపడం, సర్దడం కుదరదు. పైగా ఆ రంగు అప్పుడు నీలం కాదు, నలుపు కలిసిన బూడిదరంగు. సాక్సనీ గనుల నుంచి వచ్చిన కోబాల్టును మెత్తగా నూరి నీళ్లలో కలిపిందే అది. పైన గాజుపూత ముంచి, వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల వేడిలో రెండోసారి కాలిస్తే తప్ప నీలం కనబడదు. అంటే గీసే మనిషి తను వేస్తున్న రంగును ఆ పూట చూడలేదు. దేశాన్నీ చూడలేదు, రంగునూ చూడలేదు. చేతికి మాత్రం అన్నీ తెలుసు.

ఆ చేతుల్లో ఆడపిల్లల చేతులు చాలా ఉన్నాయి. పని నేర్చుకోవడానికి చిన్నతనంలోనే చేరేవారు. కూలి డజను లెక్కన. బట్టీలో పగిలినా వంకర తిరిగినా ఆ నష్టం పనివాళ్ల మీద వేసే పద్ధతి స్టాఫర్డ్‌షైర్‌లో చాలాకాలం సాగింది, దాని మీద 1830ల్లో సమ్మెలే జరిగాయి. పూత ముంచేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. సీసం ఒంట్లోకి ఎక్కి చేతులు పడిపోయేవి. ఈ ముచ్చటైన గిన్నె గురించి రాస్తూ ఆ మాట దాటేస్తే తప్పు.

డజను లెక్క కూలి బొమ్మను ఏం చేస్తుందో ఆలోచించండి. మొదటి గిన్నె మీద ఇంటికి రెండు అంతస్తులు, కిటికీలు, మెట్లు, వెనక కొండ ఉండి ఉండొచ్చు. ఎదురుగా పెట్టుకున్న నమూనా కూడా ఇంకో ఇంగ్లీషు పాత్రే, చైనా పాత్ర కాదు. ఒకరిని చూసి ఒకరు గీస్తారు. కొండ పోతుంది. మెట్లు అడ్డగీతలవుతాయి. దడిలో కర్రలు తగ్గుతాయి. చూరు మాత్రం పోదు, పైకి లేచిన ఆ రెండు కొసలు పోతే అది చైనా ఇల్లు కాకుండా పోతుంది కనుక. ఏది వదిలెయ్యొచ్చో ఏది వదలకూడదో గీసే పిల్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. చెయ్యే తేల్చుకుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పై అంతస్తులో నేల నుంచి కప్పుదాకా అద్దాల బీరువాల్లో వేల పాత్రలు పేర్చి పెట్టారు. అక్కడ ఇలాంటివి చూస్తూ నేను ఎక్కువసేపు దడి దగ్గరే ఆగాను. ఒక గిన్నె మీద దడి ఒద్దికగా నిలబడి ఉంది. ఇంకోదాని మీద విసురుగా, చివరి కర్ర సగంలోనే ఆగిపోయి ఉంది. పొద్దు వాలేవేళ గీసిందేమో. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి తన మనవడికి, ఇవన్నీ చైనావిరా అని చెబుతున్నాడు. సరిదిద్దబుద్ధి కాలేదు.

చార్లెస్ లాంబ్ పేరు మన కాలేజీల్లో ఇంగ్లీషు వ్యాసాలు చదివినవాళ్లకు పరిచయమే. ఆయన 1823లో 'ఓల్డ్ చైనా' అని ఒక వ్యాసం రాశాడు. టీ కప్పుల మీది నీలి మనుషులు దూరం దగ్గర లేకుండా గాలిలో తేలుతుండటం ఆయనకు మహా సరదా. ఆ లెక్కాజమా లేని లోకాన్ని మెచ్చుకుంటూ మొదలుపెట్టి, చేతిలో డబ్బు లేని రోజుల్లో ఒక వస్తువు కొనడంలో ఉండే ఆనందం వైపు వ్యాసాన్ని మళ్లిస్తాడు. ఆ లాంబ్ బతుకుతెరువుకు ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు రాసింది ఈస్టిండియా కంపెనీ ఆఫీసులోనే. ఆయన ఉద్యోగంలో చేరింది 1792లో. కంపెనీ చైనా పింగాణీని టోకున తేవడం మానేసింది 1791లో. అప్పటికి స్టాఫర్డ్‌షైర్ నకళ్లు అసలును గుమ్మం బయటికి నెట్టేశాయి.

ఆ కంపెనీ పేరు వచ్చింది కనుక మన తీరం మాట చెప్పక తప్పదు. 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టిన ఆ కంపెనీ ఓడలు కోరమాండల్ తీరపు కలంకారీ దుప్పట్లను లండన్ పడకగదులకు మోసుకెళ్లాయి. వాటి మీద మధ్యలో పెద్ద పూలచెట్టు. అడుగున రాళ్ల గుట్ట, ఒక్కోసారి వెదురు. అవి చైనా పద్ధతివి. పూలు కొన్ని ఏ దేశంలోనూ పూసేవి కావు. ఇంగ్లండు నుంచి నమూనాలు వచ్చేవి, వాటిలో చైనా మోజు కలిసి ఉండేది, మన కలం పనివాళ్లు దాన్ని తమ చేతివాటానికి మలుచుకునేవారు. కృష్ణా తీరంలో చైనా రాళ్లు గీసినవాడూ స్టోక్‌లో చైనా చూరు గీసిన పిల్లా ఒకరికొకరు తెలియకుండా ఒకే కోరికకు పనిచేశారు, కాస్త ముందు వెనకల్లో. తేడా ఏమిటంటే, మన అద్దకం బట్టల మీద అక్కడి నేతగాళ్లు తిరగబడ్డారు. 1700లో దిగుమతి ఆపుతూ, 1721లో ఆ బట్ట కట్టుకోవడమే నేరం చేస్తూ చట్టాలొచ్చాయి. 1774లో గానీ ఆ నిషేధం సడలలేదు. అప్పటికి బట్ట మీద అచ్చువేసే విద్య వాళ్లకు పట్టుబడింది. చైనా పింగాణీకి ఆ గతి పట్టలేదు. దాన్ని నిషేధించాల్సిన పని లేకపోయింది, పన్నులూ నకళ్లూ చాలాయి.

మట్టిపాత్రకూ అచ్చు వచ్చింది. 1784లో జోసయా స్పోడ్ అనే కుమ్మరి గాజుపూత కింద నీలి అచ్చువేసే పద్ధతిని మట్టిపాత్రల మీద స్టోక్‌లో ప్రవేశపెట్టాడు. రాగి రేకు మీద బొమ్మ చెక్కుతారు. నూనెలో కలిపిన రంగు గాళ్లలో నింపి, పల్చటి కాగితం మీదికి అచ్చు తీస్తారు. తడికాగితాన్ని బిస్కట్ మీద అతికించి గట్టిగా రుద్ది, నీళ్లలో కాగితం కడిగేస్తారు. ఒక్కసారి రేకు చెక్కితే వందల పళ్లేలు, అన్నీ ఒక్కలాగే. అంచు కాగితం రెండు కొసలూ కలిసేచోట మాత్రం అతుకు సరిగా కుదరక దొరికిపోతుంది, చూడటం తెలిసినవాళ్లకు. వెడ్జ్‌వుడ్ బతికి ఉన్నంతకాలం ఆయన కార్ఖానాలో ఈ నీలి అచ్చు జరగలేదు. 1795లో ఆయన పోయాడు. మరో పదేళ్లకు అక్కడా మొదలైంది. నీలం గీసే చేతులు పూలకీ రంగులకీ మళ్లాయి. చైనా ఇల్లు గీయించుకునేవాళ్లు తగ్గిపోయారు.

1790 ప్రాంతంలో స్పోడ్ కార్ఖానాలో రూపం తీసుకున్న విల్లో ప్యాటర్న్ ఏ ఒక్క చైనా పళ్లేనికీ నకలు కాదు. చైనా పళ్లేల మీది మండపాన్నీ, పడవనూ, చెట్టునూ తీసుకుని వంతెనా దడీ చేర్చి ఇంగ్లీషు చెక్కుడు పనివాళ్లు అమర్చిన బొమ్మ. అందులో తప్పు లేదు, చైనీస్ హౌస్ గీసినవాళ్లూ చేసింది అదే. కానీ అచ్చుకు తడబాటు లేదు. ఒకే ఇల్లు, ఒకే వంతెన, ఒకే ముగ్గురు మనుషులు దేశమంతటా ప్రతి భోజనాల బల్ల మీదా చుక్క తేడా లేకుండా కనబడుతుంటే, అలాంటి చోటు ఎక్కడో ఉండి తీరాలనిపిస్తుంది. చోటు ఉందనుకున్నాక అక్కడ ఏం జరిగిందో కావాలి. 1849లో 'ద ఫ్యామిలీ ఫ్రెండ్' అనే పత్రిక ఆ లోటు తీర్చింది. ధనవంతుడైన అధికారి కూతురు కూంగ్‌సే, తండ్రి దగ్గర లెక్కలు రాసే చాంగ్, వాళ్ల ప్రేమ, తండ్రి కట్టించిన దడి, వంతెన మీదుగా పారిపోవడం, కొరడాతో తండ్రి వెంటబడటం, చివరికి ఇద్దరూ పావురాలై ఎగిరిపోవడం. చైనా ప్రాచీన గాథ అని జనం నమ్మారు. అది ఇంగ్లండులో అల్లిన కథ. బొమ్మ వచ్చిన యాభై ఏళ్లకు పైగా గడిచాక, పళ్లెం మీద ఏమున్నాయో చూసుకుంటూ కథలో ఒక్కొక్కటీ ఇరికించారు.

నా అనుమానం అక్కడే. చేత్తో గీసిన పిల్ల చైనా గురించి ఏమీ చెప్పలేదు. తనకు తెలియదు, తెలుసని నటించలేదు. ఒక చూరు, ఒక దడి గీసి ఊరుకుంది. అచ్చుబొమ్మ అంతటితో ఆగలేదు. అక్కడి తండ్రులు క్రూరులనీ, అక్కడి అమ్మాయిలు చెరలో ఉంటారనీ, అక్కడి ప్రేమలు పక్షులుగా మారితే తప్ప గట్టెక్కవనీ చైనా నోట్లో మాటలు పెట్టింది. ఆ కథ వచ్చేనాటికి చైనాతో మొదటి నల్లమందు యుద్ధం ముగిసి ఏడేళ్లయింది. ఆ కాలపు ఇంగ్లీషు ఇంట్లో చైనా అంటే ఓడించిన దేశం. భోజనాల బల్ల మీద మాత్రం నీలంగా, దూరంగా, చక్కగా ఉండేది. తర్వాత జపాను కార్ఖానాలు కూడా విల్లో పళ్లేలు చేసి అమెరికాకు అమ్మాయి. తూర్పు దేశమే ఇంగ్లీషువాళ్ల తూర్పును నకలు చేసి తిరిగి అమ్ముకుంది. వ్యాపారానికి ఇలాంటి వింతలు మామూలే.

ఇంత చెప్పాక, చేతిబొమ్మను మరీ ఆకాశానికి ఎత్తనక్కర్లేదని కూడా ఒప్పుకుంటాను. అందులో చాలావరకు నాసిరకం పనే. నీలం కారిపోయినవి, ఇల్లు ఒక పక్కకు ఒరిగినవి, గళ్లు కలవక అంచు దగ్గర హడావుడిగా ముగించినవి బోలెడు. ధర తక్కువ గనుక జనం వాడారు, పగలగొట్టారు, పారేశారు. బీరువాలో దాచుకున్న సామాను కాదు. అందుకే అద్దాల అరల్లో కంటే నేలలోనే ఎక్కువ దొరుకుతుంది. థేమ్స్ ఆటుపోటు ఒడ్డున బురదలో, అమెరికాలో పాత ఇళ్ల పెరళ్లలో దీని చిల్లపెంకులు తేలుతుంటాయి. వర్జీనియాలో థామస్ జెఫర్సన్ మాంటిచెల్లో ఎస్టేటులో బానిసలు ఉన్న చోట్ల తవ్వినప్పుడు కూడా ఈ నీలిపూత పాత్రల, ఇప్పుడు పెర్ల్‌వేర్ అని పిలిచేవాటి, పెంకులు బయటపడ్డాయి. స్టాఫర్డ్‌షైర్ పిల్ల ఊహించిన చైనా ఇల్లు ఇలా అట్లాంటిక్ దాటి, ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల సంతానం చేతుల్లోకి వెళ్లింది.

తవ్వకాలవాళ్లకు ఈ పెంకు అంటే ప్రాణం. తేదీ వేసిన నాణెం దొరకనిచోట ఇదే క్యాలెండరు. అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త స్టాన్లీ సౌత్ 1970ల్లో వేసిన పట్టికలో చేత్తో నీలం గీసిన పెర్ల్‌వేర్‌కు 1780 నుంచి 1820 దాకా కాలం ఇచ్చాడు, నడిమి ఏడు 1800. గీసినవాళ్ల పేర్లు ఏ పట్టికలోనూ లేవు, వాళ్లు పనిచేసిన ఏళ్లు మాత్రం ఇలా అక్షరాలా లెక్కకెక్కాయి.

ఇంగ్లండులో ఇప్పుడు మనవాళ్లు చాలామందే ఉన్నారు. లండన్ యూస్టన్ నుంచి మాంచెస్టర్ వెళ్లే రైళ్లలో కొన్ని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో ఆగుతాయి. హాన్లీలో పాటరీస్ మ్యూజియం ఉంది, లాంగ్‌టన్‌లో సీసా ఆకారపు పాత బట్టీలు నిలబెట్టి ఉంచిన గ్లాడ్‌స్టోన్ మ్యూజియం ఉంది. వెళ్తే విల్లో పళ్లేల దగ్గర ఆగిపోకండి. నీలంతో చేత్తో గీసినవి ఎక్కడున్నాయో అడిగి, రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి ఉంటే వాటి దడుల్లో కర్రలు లెక్కపెట్టి చూడండి.